నడిపించింది బేస్ గిటారే

పెళ్ళిళ్ళలోను, వినాయక చవితి పందిళ్ళలోను పాడే ఒక ఆర్కెస్ట్రాలో నేను చాలాకాలం బేస్ గిటార్ వాయించాను. జనం చూసేది గాయకుణ్ణి. ఆ తర్వాత కీబోర్డ్ వాయించేవాడిని. తబలా మీద చెయ్యి జోరందుకుంటే ఈలలు వేస్తారు. బేస్ వాయించేవాడి వైపు ఎవరూ చూడరు. ఆ నాలుగు లావు తీగల శబ్దం చెవిలో పడేకంటే ముందు గుండెకు తగులుతుంది. అది ఉన్నంతసేపూ పట్టించుకోరు. మధ్యలో ఆగిపోతే మాత్రం పాట చప్పబడిందని అందరికీ తెలుస్తుంది, ఎందుకో చెప్పలేరు. ఈ పని చేసినందువల్ల కాబోలు, ఏ బ్యాండు కథ చదివినా ముందు బేస్ ఎవరిదని వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. అలా పరిచయమైనవాడే టామీ కాల్డ్‌వెల్. అమెరికాలోని సౌత్ క్యారొలైనా రాష్ట్రంలో స్పార్టన్‌బర్గ్ అనే ఊరివాడు. అతని బ్యాండు పేరు మార్షల్ టకర్ బ్యాండ్.

సదర్న్ రాక్ అనగానే మనలో రాక్ వినేవాళ్ళకు లినర్డ్ స్కినర్డ్ గుర్తొస్తుంది, ఇంకాస్త లోతుకు వెళ్ళినవాళ్ళకు ఆల్‌మన్ బ్రదర్స్ గుర్తొస్తారు. మార్షల్ టకర్ పేరు ఇక్కడ తెలిసినవాళ్ళు బాగా తక్కువ. క్యారొలైనాల్లో, జార్జియాలో మాత్రం ఆ పాటలు ఇంట్లో మనుషుల్లా కలిసిపోయాయి. బ్లూస్, కంట్రీ, జాజ్, చర్చి పాట, అన్నీ ఒకే వీధిలో వినిపించిన నేల అది. అక్కడి కుర్రాళ్ళు రాక్ వాయిస్తే అవన్నీ అందులోకి వచ్చి కూర్చున్నాయి. సదర్న్ రాక్ అంటే అంతే.

బ్యాండులో మార్షల్ టకర్ అనే మనిషే లేడు. రిహార్సల్ కోసం వాళ్ళు అద్దెకు తీసుకున్న పాత గోదాము తాళంచెవికి ఆ పేరుంది. అంతకుముందు అక్కడ ఉన్నది పియానోలు శ్రుతి చేసే ఒక అంధ కళాకారుడు. ఆయన పేరే మార్షల్ టకర్. ఆ సంగతి వాళ్ళకు తర్వాత తెలిసింది, అప్పటికి పేరు ఖాయమైపోయింది. ఆయన 99 ఏళ్ళు బతికి 2023 జనవరిలో కన్నుమూశారు. ఇదే స్పార్టన్‌బర్గ్‌లో పింక్ ఆండర్సన్ అనే బ్లూస్ గాయకుడు ఉండేవాడు, 1974లో అక్కడే పోయాడు. ఎక్కడో ఇంగ్లండులో సిడ్ బారెట్ ఆయన పేరులోంచి పింక్ తీసుకుని, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే మరో బ్లూస్ గాయకుడి పేరులోంచి ఫ్లాయిడ్ తీసుకుని తన బ్యాండుకు పెట్టుకున్నాడు. నూలు మిల్లుల ఊరొకటి రెండు పెద్ద బ్యాండులకు పేర్లిచ్చిందన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఆరుగురూ స్పార్టన్‌బర్గ్ చుట్టుపక్కల పెరిగినవాళ్ళే. లీడ్ గిటార్ టాయ్ కాల్డ్‌వెల్. పాటలు చాలావరకు రాసిందీ అతనే. బేస్ అతని తమ్ముడు టామీ. పాడేది డగ్ గ్రే. రిథమ్ గిటార్ జార్జ్ మెకార్కిల్, డ్రమ్స్ పాల్ రిడిల్, ఫ్లూటూ శాక్సఫోనూ జెర్రీ యూబ్యాంక్స్. వీళ్ళలో కొందరు హైస్కూలు రోజుల నుంచే చిన్న చిన్న బ్యాండుల్లో కలిసి వాయించారు. ఇంతలో వియత్నాం యుద్ధం వచ్చింది. టాయ్ మెరైన్స్‌లో చేరి వెళ్ళి 1968లో గాయపడి వచ్చాడు. గ్రే కూడా సైనికుడిగా వియత్నాం వెళ్ళొచ్చినవాడే. తిరిగొచ్చాక టాయ్ ఫ్యాక్టరీ అని ఒక బ్యాండు పెట్టారు, 1972లో ఇప్పటి పేరుతో కుదురుకున్నారు. వెట్ విల్లీ అనే బ్యాండు తమ ఊరొస్తే వాళ్ళకంటే ముందు వీళ్ళు వాయించారు. అది విని వెట్ విల్లీ వాళ్ళే జార్జియాలోని మేకన్‌లో ఉన్న క్యాప్రికార్న్ రికార్డ్స్‌కు వీళ్ళ గురించి చెప్పారు. తోటి కళాకారుడి మాట సాయం ఎంత దూరం తీసుకెళ్తుందో ఆర్కెస్ట్రాల్లో తిరిగినవాళ్ళకు వేరే చెప్పాలా?

క్యాప్రికార్న్ అప్పటికే దుఃఖంలో ఉన్న ఇల్లు. ఆ సంస్థ పెట్టిన ఫిల్ వాల్డెన్ అంతకుముందు ఓటిస్ రెడింగ్‌కు మేనేజరు. రెడింగ్ 1967లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆల్‌మన్ బ్రదర్స్‌లో డ్వేన్ ఆల్‌మన్ 1971లో, బేస్ వాయించే బెర్రీ ఓక్లీ 1972లో మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో పోయారు. అలాంటి చోటికి ఈ ఆరుగురూ వచ్చి, పాల్ హార్న్స్‌బీ నిర్మాణంలో 1973లో తొలి ఆల్బం చేశారు. 'కాంట్ యూ సీ' అందులోదే.

ఆ పాట దగ్గర కాసేపు ఆగాలి. ముందు గిటార్ మొదలవుతుంది, దాని మీదికి ఫ్లూట్ వస్తుంది. రాక్ పాటలో ఫ్లూట్ ఎత్తుగడ అమెరికన్ చెవికి వింతగా ఉంటుందేమో గానీ మనకు కాదు. డి, సి, జి, మళ్ళీ డి. పాట మొత్తానికి ఉన్న కార్డ్స్ అవే. డి దగ్గర షడ్జం పెట్టుకుని వింటే సి కార్డ్ వచ్చినప్పుడల్లా కైశికి నిషాదం పలుకుతుంది. ఆ స్కేలు స్వరాలు మన హరికాంభోజి స్వరాలే. గమకాలు లేవు, రాగసంచారమూ లేదు కాబట్టి అది హరికాంభోజి రాగం అనను. కానీ మన నేల మీద పెరిగిన చెవి ఆ ఫ్లూట్ దగ్గర ఎందుకు ఆగుతుందో తెలియడానికి అది చాలు. మేజర్ స్కేల్లోని కాకలి నిషాదమైతే పై షడ్జాన్ని ఆనుకుని ఉండి అటే ఎగబాకుతుంది. ఈ నిషాదానికి ఆ తొందర లేదు. మనసు విరిగి గూడ్సు బండెక్కి పోదామనుకుంటున్న మనిషి పాట ఇది, అతనికి సరిపోయే స్వరం అదే.

మూడు కార్డ్స్ ఆరు నిమిషాలపాటు చక్రం తిరిగే పాటలో బేస్ వాయించడం ఎంత కష్టమో చేతికొస్తేనే తెలుస్తుంది. కార్డ్ మారడం లేదు గదా అని చెయ్యి ఊరుకోదు. ఏదో ఒక సంగతి వెయ్యాలని లాగుతుంది. ఇంట్లో ఒక్కణ్ణే ఈ పాట వాయించుకునేటప్పుడు సి నుంచి జి కి దిగే దారిలో నిషాదం, ధైవతం, పంచమం, మధ్యమం అని ఒక్కో మెట్టు దిగుతాను. ఆ దిగుడు ఒకసారి వేస్తే పాట నిట్టూర్చినట్టు ఉంటుంది. ప్రతి చుట్టులోనూ వేస్తే గాయకుడి మాట వినపడనివ్వని వాగుడవుతుంది. ఎన్ని చుట్లకు ఒకసారి వెయ్యాలో ఏ పుస్తకమూ చెప్పదు. డ్రమ్స్ వాయించేవాడి కాలు, గాయకుడి ఊపిరి రెండూ వింటూ ఉంటే తెలుస్తుంది. టామీకి అది తెలుసు. అతని వేళ్ళకు వేగం బాగా ఉంది. ఆ వేగాన్ని ఎక్కడ బయటపెట్టాలో, ఎక్కడ దాచుకోవాలో అంతకంటే బాగా తెలుసు.

వేగం చూడాలంటే 1974లో వచ్చిన 'వేర్ వి ఆల్ బిలాంగ్' డబుల్ ఆల్బంలో సగభాగం కచేరీ రికార్డింగు ఉంది, అది వినాలి. అందులో '24 అవర్స్ ఎట్ ఎ టైమ్' దాదాపు 14 నిమిషాలు సాగుతుంది. పాల్ రిడిల్ డ్రమ్స్‌లో జాజ్ పోకడ ఎక్కువ, దెబ్బ తేలిక, నడక చురుకు. టామీ ఆ నడకకు ఆనుకుని వెళ్తాడు. అన్న గిటార్ పైకెళ్ళేకొద్దీ తమ్ముడు కింద కదం పెంచుతాడు. అన్న ఊపిరి తీసుకునేలోపు కింద ఖాళీ పడదు.

ఆ అన్న వాయించే తీరు కూడా చెప్పుకోవాలి. టాయ్ పిక్ పట్టుకోడు. కుడిచేతి బొటనవేలి కండతోనే తీగ మీటుతాడు. ఎలక్ట్రిక్ గిటార్ మీద మీరెప్పుడైనా ప్రయత్నిస్తే తెలుస్తుంది: పిక్ వదిలేసి బొటనవేలు పెట్టగానే స్వరం మొన తగ్గి గుండ్రంగా, నిండుగా వస్తుంది. కానీ వేగం సగానికి సగం పడిపోతుంది. పిక్ కిందికీ పైకీ రెండువైపులా మీటుతుంది గదా. బొటనవేలికి ఆ వెసులుబాటు తక్కువ. టాయ్ అంత వేగాన్ని అదే బొటనవేలితో ఎలా రాబట్టాడో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. వినడం మాత్రం ఆపలేదు.

1975 నుంచి 1977 వరకు వాళ్ళకు మంచి కాలం. 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' రాసింది టాయ్ కాదు, మెకార్కిల్. చార్లీ డేనియల్స్ తన ఆల్బంకు అదే పేరు పెడుతున్నాడని తెలిసి ఆయన కోసమే రాశాడు. ఆయన వద్దన్నాడు, వీళ్ళు వాయించారు, బిల్‌బోర్డ్ జాబితాలో 38వ స్థానం దాకా వెళ్ళింది. ఆ డేనియల్సే వీళ్ళ రికార్డుల్లో ఫిడేలు వాయించాడు, ఎవరి మనసులోనూ ఏమీ లేదు. జిమ్మీ కార్టర్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఆయన ప్రచార నిధి కోసం కచేరీలు చేశారు, 1977 జనవరిలో ప్రమాణ స్వీకార వేడుకల్లోనూ వాయించారు. ఆ ఏడాదే 'హర్డ్ ఇట్ ఇన్ ఎ లవ్ సాంగ్' 14వ స్థానానికి చేరింది. వాళ్ళ పాటల్లో మొదటి ఇరవైలోకి వెళ్ళింది అదొక్కటే. దానికీ ఎత్తుగడ ఫ్లూటే.

సదర్న్ రాక్ గురించి రాస్తూ ఒక సంగతి దాటేయడం నాకు ఇష్టం లేదు. ఆ రోజుల్లో ఈ తరహా బ్యాండుల్లో కొన్ని, వాళ్ళ అభిమానుల్లో చాలామంది, బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన కాన్ఫెడరేట్ సేనల జెండాను ఊరి అభిమానానికి గుర్తుగా ఊపారు. నల్లజాతివాళ్ళకు ఆ జెండా ఏమిటో వాళ్ళకు తెలియదనుకోను. ఆ నేలకు బ్లూస్ ఇచ్చింది నల్లజాతివాళ్ళే, మార్షల్ టకర్ ప్రతి ఆల్బంలోనూ ఆ రుణం వినిపిస్తుంది. సొంత ఊరిని ప్రేమించడానికి ఆ జెండా అక్కర్లేదు, ఈ పాటలు చాలు.

1980కి వద్దాం. మార్చి నెలాఖరులో కాల్డ్‌వెల్ సోదరుల్లో చిన్నవాడు టిమ్ కారు ప్రమాదంలో పోయాడు. ఏప్రిల్ 22న స్పార్టన్‌బర్గ్‌లోనే టామీకి కారు ప్రమాదమైంది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి 28న పోయాడు. వయసు 30. ఒక తల్లి నెల రోజుల్లో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుంది. ఆ ఇంటి గురించి నేను ఇంకేం రాయగలను.

ప్రమాదానికి నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 18న, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లోని నసావ్ కొలీసియంలో బ్యాండు కచేరీ చేసింది. ఆ రికార్డింగు 2006లో బయటికొచ్చింది. మొదటిసారి విన్నప్పుడు లీడ్ గిటార్‌ను చెవి నుంచి పక్కకు తోసి కింది తీగల్నే పట్టుకుని విన్నాను. ఎక్కడా అలసట లేదు. నెల తిరక్కముందే తమ్ముణ్ణి సాగనంపినవాడు గదా అనిపిస్తుంది. అయినా తాళం ఒక్క వెంట్రుకవాసి కుంగలేదు. ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి ఏమనుకున్నారో ఎవరికి తెలుసు, వాయిద్యాలు మాత్రం ఒకదాన్నొకటి విడవలేదు.

టామీ తర్వాత ఫ్రాంక్లిన్ విల్కీ వచ్చాడు. పాత టాయ్ ఫ్యాక్టరీ రోజుల స్నేహితుడే, చెయ్యి తిరిగినవాడే. పాటలు రాసే టాయ్ ఉన్నాడు, పాడే గ్రే ఉన్నాడు, జనం ఉన్నారు. అయినా బ్యాండు నిలవలేదు. 1980ల నడుమకు టాయ్, మెకార్కిల్, రిడిల్ ముగ్గురూ తప్పుకున్నారు. అసలు నాయకుడు టామీయేనని వాళ్ళు తర్వాతి కాలంలో చెబుతూ వచ్చారు. వేదిక మీద ఊపు తెచ్చేదీ, దిగాక పనులు చక్కబెట్టేదీ అతనేనట. క్యాప్రికార్న్ దివాలా తీయడం, శ్రోతల అభిరుచి మారడం వంటి కారణాలు చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు, అవీ నిజమే. బేస్ వాయించినవాడిగా నాకు మాత్రం, పునాది స్వరం పోయాక మిగతా స్వరాలకు ఎక్కడ నిలబడాలో తెలియలేదనే అనిపిస్తుంది. తమ్ముడు లేని వేదిక మీద తమ్ముడు వాయించిన పాటలు రాత్రి వెంట రాత్రి వాయించడం ఏ అన్నకైనా ఎన్నాళ్ళు సాధ్యం?

టాయ్ 1992లో సొంతంగా ఒక ఆల్బం చేశాడు. 1993 ఫిబ్రవరి 25న, 45 ఏళ్ళ వయసులో, స్పార్టన్‌బర్గ్ దగ్గరి మూర్‌లో తన ఇంట్లోనే కన్నుమూశాడు. మెకార్కిల్ 2007లో క్యాన్సర్‌తో పోయాడు. యూబ్యాంక్స్ 1996లో బ్యాండు నుంచి విరమించాడు.

డగ్ గ్రే ఒక్కడే పేరు నిలబెట్టుకుంటూ కొత్తవాళ్ళతో ఊరూరా తిరుగుతూ వచ్చాడు. 2022లో బ్యాండుకు యాభై ఏళ్ళు నిండాయి. ఒక్క పాతమనిషి మిగిలితే అది అదే బ్యాండు ఎలా అవుతుందని కొందరు అభిమానులు అడుగుతారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అయినా నేను గ్రే పక్షమే. 1973 రికార్డులో 'కాంట్ యూ సీ' పాడింది టాయ్. ఆ తర్వాత కచేరీల్లో దాన్ని నిలబెట్టింది గ్రే. తను రాయని పాటను, స్నేహితుడి గొంతులో జనం మొదట విన్న పాటను, ఆ స్నేహితుడు పోయాక దశాబ్దాల తరబడి భుజాన మోయడం చిన్న పనేం కాదు. ఆర్కెస్ట్రావాళ్ళు జీవితమంతా ఒకరి పాటలు పాడతారు, కానీ ఆ గాయకుణ్ణి పక్కన నిలబడి ఎరిగినవాళ్ళు మాలో ఎవరూ లేరు. గ్రేకు ఆ గొంతు తెలుసు. ఆ గొంతుకు కింద ఎవరి బేస్ పలికేదో కూడా తెలుసు. ఇవాళ అతని పక్కన బేస్ పట్టుకుని నిలబడే కుర్రాడు టామీని విని నేర్చుకుని ఉంటాడని నా నమ్మకం. ఆ మూడు కార్డ్స్ తిరుగుతున్నంతసేపూ అతను చేతిని ఎంత అదుపులో పెట్టుకుంటున్నాడో దగ్గరగా నిలబడి ఒక్కసారి వినాలని ఉంది.