తడి గాలి, తప్పు సున్నా

బొగ్గు బాయిలో మంట కంటే ముందు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రామగుండం, గోదావరిఖని బాయిల్లో బొగ్గు సీములు మందం. ఎంత తవ్వినా కొంత బొగ్గు గోఫ్‌లో, అంటే తవ్వి వదిలేసిన ఖాళీలో, మిగిలిపోతుంది. సన్నగా గాలి తగిలితే చాలు, అది తనంతట తానే లోలోపల వేడెక్కుతుంది. అందుకే పని అయిపోయిన ప్యానెల్‌కు గోడ కట్టి మూసేస్తారు. ఆ గోడలో ఉంచిన పైపు నుంచి గాలిని సంచిలో పట్టి తెచ్చి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పరీక్ష చేస్తారు.

ఆ గాలి ఎప్పుడూ తడిగాలే. బాయి వేడిలో ఆవిరిగా ఉన్నది ఏసీ గదికి రాగానే సంచి లోపల చుక్కలు కడుతుంది. నీళ్ల సీసాను ఖాళీ చేస్తూ గాలి నింపే పాత పద్ధతిలో అయితే కార్బన్ డయాక్సైడ్ కొంత ఆ నీళ్లలోనే కరిగిపోతుంది.

బేస్‌లైన్ ఊగినా, పీక్ తగ్గినా ల్యాబ్‌లో వినిపించే మొదటి మాట ‘డిటెక్టర్ పోయింది’. నేను మాత్రం డిటెక్టర్‌ను చివరికి అనుమానించమంటాను. లోపలికి వెళ్లిన నీరు ముందుగా చిక్కుకునేది మాలిక్యులర్ సీవ్ కాలమ్‌లో. ఎండిన ఇటుకలా అది తేమను పీల్చుకుంటుంది, మామూలు పని వేడికి వదలదు. నమూనా నమూనాకూ తడి పేరుకుంటూ ఉంటే వాయువులు తమ సమయం కంటే ముందే బయటికి వచ్చేస్తాయి. ఆక్సిజన్, నైట్రోజన్ పీకులు ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి. చివర్లో రావలసిన కార్బన్ మోనాక్సైడ్ కూడా తొందరపడుతుంది. కంప్యూటర్ దాని కోసం పాత నిమిషం దగ్గరే వెతుకుతుంది. దొరకదు. సున్నా అని అచ్చేస్తుంది. యంత్రం ఏ లోపమూ చూపదు. ఆగిపోయిన డిటెక్టర్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ సున్నాయే.

ఎందుకంటే గ్రాహం నిష్పత్తి ఈ అంకెల మీదే నిలబడుతుంది. బొగ్గు మింగిన ప్రతి వంద పాళ్ల ఆక్సిజన్‌కు ఎంత కార్బన్ మోనాక్సైడ్ పుట్టిందన్నదే ఆ లెక్క. 1 వచ్చిందంటే బొగ్గు వేడెక్కుతున్నట్టు, 2 అంటే పరిస్థితి తీవ్రమైనట్టు, 3 దాటితే లోపల మంట ఉన్నట్టు. తగ్గిన ఆక్సిజన్‌ను నైట్రోజన్ నుంచే లెక్కకడతారు కనుక ఆ రెండు పీకులు కలిసిపోతే పైఅంకెతో పాటు కింది అంకె కూడా చెడుతుంది. ఈ లెక్క ఉన్న రిపోర్టు చూసే గోడ తెరవాలా వద్దా అని తేలుస్తారు. రెస్క్యూ వాళ్లు దీన్ని నమ్మే లోపలికి దిగుతారు.

కనుక ముందు స్టాండర్డ్ గ్యాస్ సిలిండర్ తిప్పాలి. పీక్ వేళ తప్పిందా, ముందు కాలమ్‌నూ క్యారియర్ గ్యాస్ ఫ్లోనూ చూడాలి. వేళకే వచ్చి ఎత్తు తగ్గిందా, అప్పుడు లీకు, ఆ తర్వాత డిటెక్టర్. ఫ్లో సరిగానే ఉండి కాలమ్ తడిసినట్టు తేలితే దాన్ని డిటెక్టర్ నుంచి విడదీసి, పొడి క్యారియర్ గ్యాస్ పారిస్తూ 300 డిగ్రీల దగ్గర రాత్రంతా కాల్చాలి. నమూనా దారిలో పొడిబార్చే గొట్టం పెట్టి, అందులోని తేమ పీల్చే మందును వేళకు మార్చితే ఈ అవస్థ చాలావరకు రాదు.

ఫ్లేమ్ అయొనైజేషన్ డిటెక్టర్ సంగతి వేరు. అది కార్బన్ మోనాక్సైడ్‌ను నేరుగా చూడలేదు. వేడి నికెల్ మీద హైడ్రోజన్‌తో మీథేన్‌గా మార్చి పంపాలి. నీటికి కూడా అది దాదాపు స్పందించదు, కానీ దాని మంటలోనే నీరు పుడుతుంది. డిటెక్టర్‌ను వంద డిగ్రీలకు పైన, నా లెక్కలో 150కి తగ్గకుండా ఉంచకపోతే ఆ నీరే లోపల చేరి సిగ్నల్‌ను గజిబిజి చేస్తుంది. మంట వెలిగిందో లేదో తెలియాలంటే పొగగొట్టం మీద చల్లని స్పానర్ పట్టుకుంటే చాలు, ఆవిరి పడుతుంది. నీరు మనకు పనికొచ్చేది ఆ ఒక్కచోటే.

రిపోర్టులో కార్బన్ మోనాక్సైడ్ ఎదుట సున్నా వేసిన ప్రతిసారీ, ఆ పూట స్టాండర్డ్ పీక్ ఏ నిమిషానికి వచ్చిందో పక్కనే రాయాలని ల్యాబ్ వాళ్లను అడుగుతున్నాను. ఆ నిమిషం లేని సున్నాను మేనేజర్లు వెనక్కి పంపాలి.