చీమంత వీరులు

ఏడు చేపల కథలో అందరికన్నా చివర వచ్చేది చీమ. రాజుగారు, ఆయన ఏడుగురు కొడుకులు, వేట, ఎండబెట్టిన చేపలు, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడు. ఇంతమందిని దాటితేగాని దాని పుట్ట దగ్గరికి చేరుకోలేం. చేరాక అది చెప్పేది ఒక్క మాటే. నా ఇంట్లో వేలు పెడితే ఊరుకుంటానా అని ఎదురు అడుగుతుంది. కథ కంచికి వెళ్లిపోతుంది. రాకుమారుల్లో ఒక్కడి పేరూ ఎవరికీ తెలియదు. చీమ మాత్రం పళ్లూడిన వయసులోనూ గుర్తుంటుంది.

ఈ కథ నడకను వీడియో గేములు ఆడే పిల్లలు వెంటనే పోల్చుకుంటారు. ఒకరి దగ్గరికి వెళ్లాలి, అడగాలి, వాళ్లు ఇంకొకరి మీద చెప్తారు, అక్కడికీ వెళ్లాలి. గేముల భాషలో దీన్ని క్వెస్ట్ అంటారు. మామూలు గేములో ఈ దారి చివర కొండంత రాక్షసుడు కూర్చుని ఉంటాడు. మన కథలో ఉన్నది చీమ. పైగా తప్పు దానిది కాదు. ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథా ఇలాంటిదే. పేదరాసి పెద్దమ్మ మొదలు కనిపించిన ప్రతి ప్రాణినీ తన పేరు అడుగుతూ పోతుంది. ఆ ఈగను తీసుకునే పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇంటిపనిలో పడి పేరు మరచిపోయిన గృహిణిని సృష్టించారు. ఎంత చిన్న ప్రాణైతే అంత పెద్ద ప్రశ్న అడగొచ్చని మన కథలు చెప్పే అవ్వలకు ఎప్పుడో తెలుసు. గేములు తయారుచేసేవాళ్లకు అది తెలియడానికి కొంత కాలం పట్టింది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పిల్లలకు పురుగులతో పరిచయం తెర మీద మొదలవదు. తొలకరి పడి నేల మెత్తబడితే ఆరుద్ర కార్తెకు అటూ ఇటూగా చెలకల్లో ఎర్రటి మఖమల్ ముద్దలు పాకుతూ కనిపిస్తాయి. ఆరుద్ర పురుగులు. ఎనిమిది కాళ్లున్నాయి కాబట్టి శాస్త్రం లెక్కన అవి కీటకాలు కావు, సాలీడు బంధువులు. ఆ లెక్క పిల్లలకు పట్టదు, ఈ వ్యాసంలో నేనూ పట్టించుకోను. వానలు ముదిరితే తుమ్మచెట్ల మీద పచ్చగా మెరిసే బంగారు పురుగులు వస్తాయి. వాటిని అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు వేసి, గుడ్లు పెడతాయేమోనని మాటిమాటికీ తెరిచి చూడని పల్లె బాల్యం తెలంగాణలో అరుదు. తూనీగ తోకకు దారం కట్టడం లాంటి క్రూరమైన ఆటలూ ఉన్నాయి. ఎల్లారెడ్డికి దగ్గర్లోనే పోచారం అభయారణ్యం ఉంది. 1916, 1922 మధ్య కట్టిన చెరువు పేరే ఆ అడవికీ వచ్చింది. అలాంటి చోట సాయంత్రం కాసేపు నిలబడితే చాలు, ఈ లోకంలో మెజారిటీ ఎవరిదో చెవులకే తెలుస్తుంది.

సరిగ్గా ఇలాంటి బాల్యం నుంచే ప్రపంచంలో అతి పెద్ద గేముల్లో ఒకటి పుట్టింది. టోక్యో శివారులోని మచిదాలో పెరిగిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టడం పిచ్చి. తోటి పిల్లలు ఆయన్ను పురుగుల డాక్టర్ అని పిలిచేవారు. ఊరు పెరిగి చెరువులూ పొలాలూ కాంక్రీటు కింద పోయాయి. ఆ వెతుకులాట, ఆ సేకరణ, దొరికినదాన్ని స్నేహితుడితో మార్చుకోవడంలోని సంబరం తరువాతి పిల్లలకు అందాలని ఆయన చేసిన గేమే పోకెమాన్. మొదటి గేములు జపాన్‌లో 1996 ఫిబ్రవరిలో వచ్చాయి. అందులో కేటర్‌పీ అనే గొంగళి మెటాపాడ్ అనే గూడై, ఆపైన బటర్‌ఫ్రీ అనే సీతాకోకచిలుక అవుతుంది. గూడు దశలో దానికి గట్టిపడటం తప్ప దాదాపు ఏమీ చేతకాదు. ఆడేవాడికి విసుగొస్తుంది. ఆ విసుగును ఓర్చుకున్నవాడికే రెక్కలు. సైన్సు టీచరు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే రూపపరివర్తనను ఇక్కడ పిల్లవాడు ఓపికతో చెల్లించి నేర్చుకుంటాడు.

గేముల తొలి రోజుల్లో పురుగంటే కాల్చడానికి పనికొచ్చే గుంపు, అంతే. 1981లో వచ్చిన గెలాగాలో బారులు తీరి దిగే పురుగులు, అదే ఏడు అటారీ కోసం డోనా బెయిలీ, ఎడ్ లాగ్ చేసిన సెంటిపీడ్‌లో పుట్టగొడుగుల మధ్య వంకర్లు తిరిగే జెర్రి. ఆటలు గొప్పవే, పాత్రలు మాత్రం లేవు. జెర్రి కాస్త నయం, ఎందుకంటే దాని ఒంటికి ఒక నియమం ఉంది. మధ్యలో కొడితే రెండుగా విడిపోయి రెండు జెర్రులవుతుంది. పురుగును శత్రువుగా చూడటం తప్పేమీ కాదు. మక్కచేనులో కత్తెర పురుగు పడిన రైతును అడగండి. అయితే ఆ రైతు దానిని గుడ్డిగా కొట్టడు. అది మొవ్వులో దాక్కుంటుందని, ఏ పూట బయటికొస్తుందని, లార్వా చిన్నగా ఉన్నప్పుడే మందు పనిచేస్తుందని తెలుసుకుంటాడు. మంచి గేములో శత్రువు కూడా అలా మనచేత చదివించుకోవాలి. గుంపుగా వచ్చి గుంపుగా చచ్చేదాన్ని ఎవరూ చదవరు.

పురుగు పాత్రకు ప్రాణం పోసే మొదటి విద్య ఇదే: దాని ఒళ్లే ఆటకు నియమం కావాలి. దీనికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ 2001లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన జపాన్ గేమ్, మిస్టర్ మస్కిటో. మనమే దోమ. యమదా అనే కుటుంబం ఇంట్లో చేరి, వేసవి అంతా తండ్రి, తల్లి, కూతురు ముగ్గురి రక్తం తాగి నిల్వ చేసుకోవాలి. చర్మం మీద వాలాక కంట్రోలర్ పుల్లను గుండ్రంగా తిప్పుతూ పీల్చాలి. వేగం పెరిగినా తగ్గినా మనిషికి తెలిసిపోతుంది, చెయ్యి లేస్తుంది. ఒకసారి కనిపెట్టేశారంటే చేతికందినదాంతో మన వెంట పడతారు. అప్పుడు వాళ్ల ఒంటి మీద కొన్ని చోట్ల తాకి శాంతింపజేయాలి. జీవితమంతా దోమల్ని చరిచిన మనిషి ఒక్కసారి అవతలి వైపు నిలబడి, పడుకున్న తండ్రి చేతివంక భయంతో చూస్తాడు. ఒక తప్పు చెప్పక తప్పదు. రక్తం తాగేది ఆడ దోమే, మగ దోమకు పూల తేనె చాలు. అందుచేత ఆ పేరులోని మిస్టర్ శాస్త్రం ముందు నిలబడడు. ఆట మాత్రం నిలబడుతుంది.

రెండో విద్య గుంపుకు మనసు ఇవ్వడం. 1991లో మాక్సిస్ సంస్థ నుంచి విల్ రైట్ తెచ్చిన సిమ్‌యాంట్‌లో మనది నల్ల చీమల పుట్ట. మన చేతిలో ఉండేది ఒక్క పసుపు చీమ. అది సాలీడుకు చిక్కినా, పెరట్లో గడ్డి కోసే యంత్రం కింద పడినా ఆట అయిపోదు, పుట్టలోంచి మళ్లీ పుడతాం. తిండి దొరికిన చోటి నుంచి వాసన గీత గీసుకుంటూ వస్తే మిగిలిన చీమలు ఆ దారి పడతాయి. హోల్‌డాబ్లర్, ఇ.ఒ. విల్సన్ చీమల మీద రాసిన పెద్ద పుస్తకం చదివిన ఉత్సాహంలో రైట్ చేసిన గేమ్ ఇది. హీరో ఒక్కడే అన్న అలవాటును ఇంత నెమ్మదిగా, ఇంత గట్టిగా పడగొట్టిన గేము మరొకటి నాకు తట్టదు. బలవంతమైన సర్పమూ చలిచీమలకు లొంగుతుందని చిన్నప్పుడే శతకంలో చదువుకున్న మనకు ఇది కొత్త నీతి కాదు. ఇక్కడ కొత్త ఏమిటంటే ఆ చలిచీమ మనమే కావడం.

ఇక హాలో నైట్. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం ఆరి గిబ్సన్, విలియం పెలెన్ నడిపించగా చేసి, 2017 ఫిబ్రవరిలో విడుదల చేసిన గేమ్. పెద్ద కంపెనీ డబ్బు లేదు. 2014లో జనం ఇచ్చిన చందాలతో పని సాగింది. హాలోనెస్ట్ అనే శిథిల రాజ్యం, అక్కడ మనుషులెవరూ లేరు, అందరూ పురుగులే. నాయకుడికి తెల్లటి ముసుగు లాంటి తల, రెండు నల్లటి కళ్లు, చేతిలో ఒక మేకు. ఆ మేకే కత్తి. గేము మొత్తంలో అతను ఒక్క మాట మాట్లాడడు. నోరు లేని ముఖం కాబట్టి అతని బాధను మనమే ఊహించుకుని అతనికి అంటగడతాం.

ఈ గేములో పాత్రలు ఎలా గుర్తుండిపోతాయో గమనించండి. కొత్త చోటికి వెళితే దారి తెలియదు, పటం లేదు. నేల మీద కాగితం ముక్కలు కనిపిస్తాయి, ఎక్కడో ఒక కూనిరాగం వినిపిస్తుంది. ఆ రాగం వెంట పోతే కార్నిఫర్ అనే పటాలు గీసే పురుగు దొరుకుతుంది. ముఖం చూడకముందే గొంతుతో చుట్టమైపోతాడు. గాజు సీసాల్లో బందీలైన గొంగళి పిల్లలు 46 ఉంటాయి. వాటి ఏడుపు విని వెతికి సీసా పగలగొడితే సంతోషంగా కూసి నేలలోకి దూరిపోతాయి. జోట్ అని ఇంకొకడున్నాడు. అచ్చం ఉత్తరకుమారుడే. ప్రాణం కాపాడితే తిట్టి, తన జీవిత సూత్రాలు 57 ఏకరువు పెడతాడు. ఓపికుంటే వినొచ్చు. అన్నిటికన్నా గుండెను పిండేది మైలా. గనిలో గడ్డపారతో స్ఫటికాలు తవ్వుతూ పాట పాడుకునే చిన్న పురుగు. మనం ఆ దారిన వెళ్లినప్పుడల్లా పలకరిస్తుంది. ఆట ముందుకు సాగాక ఒకసారి తిరిగొస్తే పాట ఆగిపోయి ఉంటుంది, కళ్లు నారింజ రంగుకు తిరిగి ఉంటాయి, మన మీదికే వస్తుంది. ఇందులో సినిమా దృశ్యం లేదు, సంభాషణ లేదు. వెళ్లిన దారినే మళ్లీ నడిపించి, మారినదాన్ని మనచేతనే కనిపెట్టించారు. గేముకు మాత్రమే చేతనైన కథన పద్ధతి ఇది.

ఇదే లోకంలోని హార్నెట్ అనే సూదీదారపు యోధురాలిని నాయికగా పెట్టి చేసిన సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ఆ రోజు తాకిడికి పెద్ద ఆన్‌లైన్ గేముల దుకాణాలే కాసేపు మొరాయించాయి.

మూడో విద్య కొలతలు మార్చడం. అబ్సిడియన్ సంస్థ చేసిన గ్రౌండెడ్‌లో పిల్లలు చీమంత అయిపోయి ఇంటి పెరట్లో చిక్కుకుంటారు. గడ్డిపోచ తాటిచెట్టయి కూర్చుంటుంది. అందులోని సాలీళ్లు ఎంత నిజంగా ఉంటాయంటే, సాలీడంటే భయం ఉన్నవాళ్ల కోసం ఒక మీట పెట్టారు. దాన్ని జరిపే కొద్దీ సాలీడు కాళ్లు మాయమై, చివరికి ఉత్త గుండ్రటి ముద్ద మిగులుతుంది. భయం ఎక్కడుందో ఆ మీటే చెప్పేస్తోంది.

ఈ విద్యలన్నీ తెలుగువాళ్ల చేతుల్లోనూ ఉన్నాయని 2012 జులై 6న రుజువైంది. రాజమౌళి ‘ఈగ’ గేము కాదు, సినిమా. అయినా పురుగు పాత్రను నిలబెట్టడంలో పైన చెప్పిన ఏ గేముకూ తీసిపోదు. హత్యకు గురైన నాని ఈగగా పుడతాడు. అతనికి మాట ఇవ్వలేదు. మనిషి గొంతుతో మాట్లాడే ఈగను చూపించి ఉంటే పది నిమిషాల్లో నవ్వులాటయ్యేది. దేహభాషతోనే కోపం, ప్రేమ, సవాలు అన్నీ చెప్పించారు. పగ తీర్చుకోవడానికి అది మొదట చేసేది అచ్చంగా ఈగ పనే: చెవి దగ్గర గుయ్యిమనడం, ముక్కు మీద వాలడం, రాత్రంతా కన్ను మూయనివ్వకపోవడం. విలన్‌ను కూలదోసింది ముందు నిద్రలేమి. సూక్ష్మ కళాకారిణి అయిన బిందు ఈగ కొలతకు ఆయుధాలూ రక్షణ సామగ్రీ చేసిపెడుతుంది. స్థాయి పెరిగే కొద్దీ కొత్త ఆయుధం, కొత్త ఎత్తు, మరింత కష్టమైన పోరు. గేము ఆడినవాడికి ఈ మెట్లు పరిచయమే.

ఆ ఈగ మకుట విఎఫ్‌ఎక్స్ కంప్యూటర్లలో పుట్టింది. సెట్లో మాత్రం లేదు. లేని ఈగను చూసి విలన్‌గా నటించిన సుదీప్ ఉలిక్కిపడ్డాడు, విదిలించాడు, వణికాడు. మనం ఈగను నమ్మడానికి సగం కారణం ఆయన కళ్లు. గ్రాఫిక్స్ గురించి మాట్లాడేటప్పుడు ఇది మరచిపోతుంటాం: పురుగు ఎంత ప్రమాదకరమో ఎదుటివాడి భయమే కొలిచి చెప్పాలి. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ‘ఈగ’కు ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ రెండూ దక్కాయి.

నా తీర్పు చెప్పేస్తాను. పురుగుకు చొక్కా తొడిగి, మనిషి జోకులు వేయించిన గేములు చాలా వచ్చాయి. ఒక్కటీ మనసులో మిగల్లేదు. మనల్ని పురుగు ఒంట్లోకి దింపినవే మిగిలాయి. 2019లో పనామా నుంచి వచ్చిన బగ్ ఫేబుల్స్‌లో తేనెటీగ, కొమ్ముల పురుగు, చిమ్మట కలిసి తిరుగుతాయి. వాటికి మాటలున్నాయి, హాస్యముంది. అయినా తేనెటీగ ఎగిరేవాటిని పడగొట్టాలి, కొమ్ముల పురుగు అడ్డొచ్చినదాన్ని నెట్టాలి. ఎవరి ఒంటికి తగిన పని వాళ్లది. అందుకే అది చొక్కా తొడిగిన గేముల్లో కలవలేదు.

హైదరాబాదులో గేములూ యానిమేషనూ చేసే సంస్థలకు కొదవ లేదు. చాలావరకు బయటి దేశాల కథలకే మన చేతులు పనిచేస్తున్నాయి. కామారెడ్డి నుంచో ఎల్లారెడ్డి నుంచో వెళ్లి ఆ పని నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మాట. నగరం చేరేలోగా మీ అమ్మమ్మ చేత ఏడు చేపల కథ మళ్లీ చెప్పించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆవు తరువాత ఎవరు వస్తారు, చీమ జవాబు ఏ మాటలతో ఇస్తుంది అన్నది ఊరూరికీ కాస్త మారుతుంది. మీ ఊరి చీమ ఏమందో రాసిపెట్టండి. గేము అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.