తెల్ల క్రేయాన్ పక్షాన

ఏ ఇంట్లో క్రేయాన్ల పెట్టె తెరిచినా ఒకటే వరస. ఎరుపు అరిగి గోరంత మిగులుతుంది, నలుపు రెండు ముక్కలై ఉంటుంది, తెలుపు మాత్రం చుట్టిన కాగితం నలగకుండా నిండుగా పడుకుని ఉంటుంది. మా దెందులూరు పిల్లలు దాన్ని లెక్కలోకే తీసుకోరు. తెల్లకాగితం మీద తెలుపుతో ఏం గీస్తామని వాళ్ల వాదన. అమెరికాలో బిన్నీ అండ్ స్మిత్ వాళ్లు 1903లో అమ్మిన తొలి క్రేయోలా పెట్టెలోనూ రంగులు 8. అందులో తెలుపు లేదు!

నేను మాత్రం తెలుపు పక్షం. క్రేయాన్‌లో ముందు మైనం, ఆ తర్వాతే రంగు. పారఫిన్ మైనాన్ని కరిగించి, రంగుపొడీ సుద్దలాంటి పొడులూ కలిపి, అచ్చుల్లో పోసి చల్లారుస్తారు. ఆ మైనానికి నీళ్లంటే గిట్టదు. తెల్ల క్రేయాన్‌ని గట్టిగా ఒత్తి, కొల్లేరు సరస్సు దగ్గరి ఆటపాక గూడబాతుల్ని గీయండి. కాగితం ఖాళీగానే కనిపిస్తుంది. ఇప్పుడు కుంచెతో పల్చటి నీటిరంగు పూయండి. గీత మీద నీళ్లు నిలవక జారిపోతాయి, పక్షులు తెల్లగా బయటపడతాయి. నీలం ఒక్కటే పూస్తే మాత్రం అది కొల్లేరు కాదు, క్యాలెండర్ బొమ్మ. కాస్త ఆకుపచ్చ, చిటికెడు గోధుమరంగు పడాలి.

రంగు పెన్సిల్‌తో ఈ ఆట అంతగా సాగదు. అందులో మైనం ఉన్నా, సుద్దమట్టీ జిగురూ కూడా ఉంటాయి. మామూలు పెన్సిల్ ములుకును కొలిమిలో కాలుస్తారు. రంగు ములుకును అలా కాలిస్తే మైనమే మిగలదు. కాబట్టి కాల్చరు. అందుకే అది మెత్తన. కిందపడితే చెక్క లోపలే విరుగుతుంది, చెక్కినప్పుడల్లా ముక్క ఊడొస్తుంది. తిట్లు మాత్రం చెక్కిన పిల్లాడికి!

మైనంతో రంగును అడ్డుకోవడం మన తీరానికి కొత్తేమీ కాదు. పూర్వం బందరు వైపు కలంకారీలో నీలం అక్కర్లేని చోటల్లా కలంతో మైనం పూసి, బట్టను నీలిమందు తొట్టిలో ముంచేవాళ్లు. తర్వాత మరుగునీళ్లలో మైనం వదలగొట్టి, పసుపులాంటి రంగులు పైన దిద్దేవాళ్లు. కాగితాన్ని ఉడకబెట్టలేం కదా. ఒకసారి తెల్లమైనం పడిన చోట ఇంకే నీటిరంగూ అంటదు. గూడబాతు ముక్కుకి గులాబి ఛాయ కావాలంటే, అక్కడ మొదటే గులాబి క్రేయాన్ పట్టుకోవాలి.