‘స్మోర్‌గోస్‌బూర్డ్’ — అవయవార్థము, రూఢ్యర్థము

పలువిధములైన వంటకములను ఒక్క బల్లపై నుంచగా, తినువారు తమకు వలసినవి తామే వడ్డించుకొను స్వీడిషు విందునకు ‘స్మోర్‌గోస్‌బూర్డ్’ అని పేరు. 1939లో న్యూయార్కున జరిగిన ప్రపంచప్రదర్శనము ఈ పదమునకు అమెరికాలో విశేషప్రచారము కలిగించినది.

దీనిని ‘వెన్న, పెద్దబాతు, బల్ల’ అని విడదీసి చెప్పి ఊరకుండుట పరిపాటి. విడిగా చూచిన మూడర్థములును సరియైనవే. వ్యుత్పత్తి మాత్రము ఇంతతో సిద్ధింపదు. పైగా విందులో బాతుమాంసము ప్రధానమను భ్రాంతి కలుగును. ముందుగా ఏర్పడినది ‘స్మోర్‌గోస్’ అను సమాసము. మీగడ చిలుకునపుడు పైకి తేలు వెన్నముద్దలు నీటిపై ఈదు బాతులవలె కనబడుటచే వానికి ‘గోస్’ అను పేరు కలిగినదని స్వీడిషు పదచరిత్రకారుల వివరణము. మన పరిభాషలో ఇది ‘ముఖపద్మము’ వంటి ఉపమానోత్తరపద కర్మధారయము: బాతు వంటి వెన్న. ఆ ముద్దను రొట్టెపై పూయుదురు గనుక క్రమముగా వెన్న పూసిన రొట్టెకే ఆ పేరు రూఢమైనది. అట్టి రొట్టెలకైన బల్ల యనునపుడు తత్పురుషము. భోజనమునకు ముందు మద్యముతో పాటు రొట్టె, వెన్న, జున్ను అమర్చు 18వ శతాబ్దపు చిన్నబల్లయే నేటి విందునకు పూర్వరూపము.

‘స్మోర్’ పదమునకు పూయుట అను అర్థముగల ఆంగ్ల ‘స్మియర్’, కొవ్వు అను అర్థముగల జర్మను ‘ష్మేర్’ జ్ఞాతులు. ‘బూర్డ్’ మొదట చెక్కపలక, పిదప భోజనపు బల్ల. ఆంగ్ల ‘బోర్డు’ దీని జ్ఞాతియే. తెలుగు ‘బల్ల’కును పలక, మేజా అను రెండర్థములు కలవు. అది అర్థసామ్యమే గాని బంధుత్వము కాదు.

మనకు మిక్కిలి ఆసక్తికరమైనది ‘గోస్’. జర్మను ‘గాన్స్’, ఆంగ్ల ‘గూస్’, సంస్కృత ‘హంస’ దీనితో ఏకమూలజములు. వినుటకు పోలియుండుట ఇందుకు ప్రమాణము కాదు. మూలభాషలోని తాలవ్యమైన మహాప్రాణ గకారము జర్మానికభాషలలో గకారముగను, సంస్కృతమున హకారముగను నియతముగా పరిణమించినది. ‘నిన్న’ అను అర్థమున సంస్కృత ‘హ్యః’, జర్మను ‘గెస్టర్న్’, స్వీడిషు ‘ఇ గోర్’ ఆ నియమమునకే సాక్ష్యములు. ఇక సకారమునకు ముందున్న నకారము స్వీడిషున లోపించినది. జర్మనున ‘మమ్ము’ అను అర్థముగల ‘ఉన్స్’ స్వీడిషున ‘ఒస్’ అగుటయు ఇట్టిదే.

‘అంచ’, ‘రాయంచ’లను చూపి తెలుగును సైతము ఈ కుటుంబమున చేర్పబూనుట తగదు. అవి సంస్కృతమునుండి వచ్చిన తద్భవములు. ‘గోస్’తో వానికిగల చుట్టరికమంతయు ‘హంస’ మూలముననే వచ్చినది.