దూరపు కంటికి దగ్గరి కొలత

టెలీఫోటో జూమ్ లెన్స్ కొనబోయేవాళ్లు మొదట అడిగేది ‘ఎంత దూరం లాగుతుంది?’ అనే. దుకాణాలవాళ్లు జవాబు చెప్పేదీ ఆ ఒక్క అంకెతోనే: 400, 500, 600, ఇప్పుడు 800 కూడా. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేదీ, ధరను నడిపించేదీ అదే. గుంటూరు జిల్లా పొన్నూరు చుట్టుపక్కల పిట్టల్నీ, పశువుల్నీ, పరుగుల్నీ ఫొటో తీయాలనుకునేవాళ్లు మాత్రం ఈ ప్రశ్నను తిరగేసి అడగాలి. ఈ లెన్స్ ఎంత దగ్గరికి రాగలదు? దాని చిన్న అంకె ఎంత? చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు చెయ్యి ఎంత త్వరగా వెళ్లి రాగలదు? మన నేలమీద ఫొటో దక్కడం, తప్పడం ఎక్కువగా అక్కడే తేలుతుంది.

లెక్క చాలా సులువు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ వెడల్పు 36 మి.మీ. దాన్ని దూరంతో గుణించి, పెట్టె మీది అంకె అయిన ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఆ దూరంలో ఫ్రేములో ఎంత మేర పడుతుందో వచ్చేస్తుంది. 30 మీటర్ల దూరంలో 600 మి.మీ. లెన్స్‌కు పట్టేది 1.8 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు మాత్రమే. క్రాప్ సెన్సర్ కెమెరా అయితే వెడల్పు ఇంకా తగ్గి 1.2 మీటర్లకు వస్తుంది. ఇప్పుడు ఉప్పలపాడును తలచుకోండి. గుంటూరు పక్కన, పెదకాకాని మండలంలోని ఆ ఊరి చెరువు చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. అది అడవి కాదు, ఊరి చెరువు. గట్టుకూ చెట్లకూ మధ్య దూరం తక్కువ. మన గూడబాతు రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు దాటుతుంది. గట్టు వైపు ఎగిరి వచ్చే గూడబాతును 600 దగ్గర పెట్టుకుని చూస్తే మెడ ఉంటుంది, ముక్కు కింద సంచి ఉంటుంది, రెక్కల చివరలు ఉండవు. అదే 200 మి.మీ. దగ్గర 5.4 మీటర్లు పడుతుంది. పిట్ట మొత్తం వస్తుంది, అది దిగబోయే కొమ్మ కూడా వస్తుంది. చిన్న అంకె విలువ అదీ.

ఎగిరే పిట్టను ఫ్రేములోకి తెచ్చుకునే పనితనం కూడా చిన్న అంకె మీదే నిలబడి ఉంది. అనుభవజ్ఞులు 600 దగ్గర వెతకరు. 150 దగ్గరో 200 దగ్గరో ఆకాశాన్ని విశాలంగా చూసి, పిట్టను మధ్యకు తెచ్చి, ఫోకస్ అందుకున్నాక, కెమెరాను పిట్టతోపాటే తిప్పుతూ జూమ్ లోపలికి తీసుకెళతారు. పిట్ట ఫ్రేము దాటితే వెంటనే వెనక్కి వస్తారు. ఈ రాకపోకలన్నీ ఎడమచేతి మణికట్టు పని. అందుకే జూమ్ రింగు ఎంత తిరగాలన్నది లెన్స్ పదునంత ముఖ్యమైన విషయం. 2023లో వచ్చిన నికాన్ జడ్ 180-600లో ఈ కొస నుంచి ఆ కొసకు 70 డిగ్రీలు తిప్పితే చాలు, మణికట్టు ఒక్కసారి తిరిగితే సరిపోతుంది. 2015 నాటి నికాన్ 200-500 చాలా మంచి లెన్సే, దాని అద్దాల నాణ్యతకు వంక పెట్టలేం. కానీ రింగు బాగా ఎక్కువ తిరగాలి, మధ్యలో పట్టు మార్చాల్సి వస్తుంది. ఆ క్షణంలో పాలపిట్ట తీగ మీంచి లేచి పోతుంది. సమీక్షల్లో పదును గురించి పేజీలు ఉంటాయి, రింగు గురించి ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వేగమంటే ముందు గుర్తొచ్చేది ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు. సంక్రాంతికీ, శివరాత్రికీ, ఉగాదికీ, ఊరి తిరునాళ్లకూ పాలపళ్ల విభాగం నుంచి సీనియర్స్ దాకా జతలు దిగుతాయి. ఫొటో తీసేవాడికి ఇది కఠినమైన పరీక్ష, ఎందుకంటే దూరం నిలకడగా ఉండదు. జత 50 మీటర్ల అవతల ఉన్నప్పుడు 400 మి.మీ. దగ్గర నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. రెండు ఎడ్లు, కాడి, పక్కన అదిలిస్తూ పరుగెత్తే మనుషులు అందులో చక్కగా ఇముడుతారు. అదే జత పది మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 600 మి.మీ.కు 60 సెంటీమీటర్లే పడుతుంది, అంటే ఒక కొమ్మూ ఒక కన్నూ. 100 మి.మీ. దగ్గర 3.6 మీటర్లు. బండ కదిలిన క్షణంలో ఎడ్ల మెడ కండరాలు బిగిసేది, గిట్టలు నేలలో దిగేది కనబడాలంటే ఈ వెనక్కి రాగల గుణమే కావాలి. పైగా పోటీలు చాలాసార్లు ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి దాకా సాగుతాయి. ఎఫ్/2.8 అపెర్చర్ ఎఫ్/6.3 కంటే అయిదు రెట్ల వెలుతురు ఇస్తుంది. మన పెళ్లి ఫొటోగ్రాఫర్లలో చాలామంది దగ్గర ఉండే 70-200 ఎఫ్/2.8 అక్కడ ఏ 600నైనా దాటుతుంది. కొత్త లెన్స్ కొనే ముందు స్టూడియో బీరువాలోకి ఒకసారి చూడడం మంచిది.

చిన్న అంకె వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. దూరపు పిట్టను చిన్న లెన్స్‌తో తీసి తరువాత కంప్యూటర్లో కత్తిరిస్తే నాణ్యత పోదా అని. పోతుంది, కానీ ఎంత పోతుందో కొలవవచ్చు. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 300 మి.మీ. దగ్గర తీసి, 600 దగ్గర తీసినంతగా కత్తిరిస్తే ఆరు మెగాపిక్సెళ్లు మిగులుతాయి. పత్రికలో పది అంగుళాల వెడల్పున ముద్రించడానికి అవి సరిపోతాయి. ఎక్కువ తీస్తే కత్తిరించుకోవచ్చు, తెగిన రెక్కను మాత్రం అతికించలేం. అయితే వెలుతురు లెక్క వేరు. పిట్ట మీంచి కెమెరాలోకి చేరే వెలుతురును నిర్ణయించేది ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే వచ్చే ద్వారం వెడల్పు. 200 ఎఫ్/2.8కూ 400 ఎఫ్/5.6కూ అది ఒకటే, 71 మి.మీ. చిల్లర. 600 ఎఫ్/6.3కు 95. వైశాల్యంలో చూస్తే ఇది దాదాపు 1.8 రెట్లు. కాబట్టి దూరంగా కూర్చున్న చిన్న పిట్ట విషయంలో పెద్ద లెన్స్‌ది నిజమైన ఆధిక్యమే, అది ప్రకటనల మాయ కాదు. పసిరిక పిట్టలాంటి జానెడు కూడా లేని జీవాన్ని కాలువ గట్టు మీద తీయాలంటే 600 కావాల్సిందే. నా వాదన 600 వద్దని కాదు. 600తోపాటు 150 కూడా ఇచ్చే లెన్స్‌ను, 200 దగ్గరే ఆగిపోయేదాని కన్నా ముందు చూడమని.

ఇక ఎండ. ఈ మైదానాల్లో పొద్దెక్కేకొద్దీ పత్తి చేల మీద, మిరప కల్లాల మీద నేల కాగి గాలి తెరలు తెరలుగా లేస్తుంది. ఆ గాలి గుండా వంద మీటర్ల దూరం చూస్తే లక్షల ఖరీదు చేసే లెన్స్ కూడా నీళ్లలోంచి చూసినట్టే చూస్తుంది. ఫోకస్ తప్పిందనీ, లెన్స్‌లో లోపమనీ అనుకుని సర్వీసు సెంటర్లకు తిరిగేవాళ్ల కష్టం చాలావరకు ఈ గాలిదే. అక్కడ ఫోకల్ లెంగ్త్ పెంచితే వణుకు కూడా అంతే పెరుగుతుంది. తెల్లవారుజామున, నేల చల్లగా ఉన్నప్పుడు తీయాలి, లేదా దగ్గరికి చేరాలి. తెల్లవారుజామున ఎండ ఎక్కక ముందు ఎఫ్/6.3తో 1/1600 సెకను షట్టర్ కావాలంటే ఐఎస్‌ఓ 1600 దాటి వెళ్లక తప్పదు. నేటి సెన్సర్లకు అది భారం కాదు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ చేతి వణుకును ఆపుతుంది కానీ రెక్కల వేగాన్ని ఆపలేదు. ఈ రెంటినీ కలిపేసుకుని షట్టర్ తగ్గించేవాళ్లు చాలామంది.

దుమ్ము సంగతి కూడా చూడాలి. జూమ్ చేసినప్పుడు గొట్టం బయటికి సాగే లెన్సులు లోపలికి గాలి పీల్చుకుంటాయి. బండలాగుడు దుమ్ములో, మిరప కోతల కాలంలో ఆ గాలితోపాటు ఏం వెళ్తుందో చెప్పనక్కర్లేదు. ఇటు బాపట్ల, సూర్యలంక వైపు సముద్రపు తేమ. తేమ పట్టిన అద్దం మీద ఫంగస్ మొలుస్తుంది. సోనీ 200-600, నికాన్ 180-600ల పొడవు మారదు, సాగేదంతా లోపలే. ఈ ఒక్క కారణానికి వాటికి కొంచెం ఎక్కువ పెట్టడం న్యాయమే. కాకపోతే వాటి చిన్న అంకె 180 కన్నా తగ్గదు, రెండూ రెండు కిలోలకు అటూ ఇటూ. కానన్ ఆర్‌ఎఫ్ 100-500 దాదాపు 1.4 కిలోలే తూగుతుంది, 100 దాకా వెనక్కి వస్తుంది. కాని సాగుతుంది, కొసకు ఎఫ్/7.1 అవుతుంది. పూర్తిగా అనుకూలమైన లెన్స్ ఏదీ లేదు. మూడు కిలోలుండే 600 ఎఫ్/4 లాంటివి పదునులో అన్నిటికన్నా మిన్నే, కానీ ఒకే ఫోకల్ లెంగ్త్‌కు కట్టుబడి ఉంటాయి. ఎడ్ల జతకూ గట్టు మీది గూడబాతుకూ అవి పనికిరావు.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది. చిన్న లెన్స్ ఉంటే మనిషి గూళ్ల దగ్గరికి వెళ్తాడు కదా అని. నిజమే, దీన్ని ఒప్పుకుని తీరాలి. పెట్ట గూడు వదిలి లేస్తే గుడ్లు ఎండకు, కాకులకు దొరుకుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది కూడా అందుకే. గూడు కనబడే చోట నియమం ఒకటే: గట్టు దాటకూడదు, పిట్ట తల ఎత్తి మనల్ని చూడడం మొదలుపెడితే వెనక్కి రావాలి. అక్కడ చిన్న లెన్స్ చాలకపోతే ఫొటో వదిలేయాలి. నల్లమలలో తుమ్మలబైలు సఫారీ లాంటి చోట దూరం మన చేతిలో ఉండదు. జీపు ఆగిన చోటే చూడాలి, చెట్ల నీడలో వెలుతురు తక్కువ. అక్కడ పెద్ద అపెర్చర్ పెద్ద అంకె కంటే విలువైనది.

అయితే ఏది కొనాలో తేల్చేది ఎవరో చెప్పిన మాట కాదు, సొంత ఫొటోలే. ప్రతి ఫైలులోనూ అది ఎంత ఫోకల్ లెంగ్త్ దగ్గర తీసిందో నమోదై ఉంటుంది. ఇప్పుడున్న 70-300తో తీసినవాటిని వరసగా తెరిచి చూడండి. ఎక్కువ ఫొటోలు 300 దగ్గరే ఉండి, పిట్ట ఇంకా చుక్కలా కనిపిస్తే 150-600 వైపు వెళ్లాలి. 300 దగ్గర ఉన్నవాటిలో సగానికి రెక్కలూ కాళ్లూ తెగి ఉంటే 100-400 చాలు. ఫొటోలు 100కూ 300కూ మధ్య చెదిరి ఉంటే డబ్బు లెన్స్ మీద కన్నా ఆటోఫోకస్ బాగున్న కెమెరా బాడీ మీద పెట్టడం మేలు. అనుమానం తీరకపోతే విజయవాడలోనో గుంటూరులోనో రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని, ఒక ఉదయం ఉప్పలపాడులో, ఒక సాయంత్రం బండలాగుడు దగ్గర తీసి, మళ్లీ అవే ఫైళ్లు తెరిచి చూసుకోవచ్చు.