పొరలు పొరలుగా పాట

ఒకప్పుడు మద్రాసులో సినిమా పాట రికార్డింగ్ అంటే పెళ్లంత హడావిడి. వయొలిన్ల వరుస, తబలా, వేణువు, కోరస్, అందరూ ఒకే కప్పు కింద, ఒకే వేళకు. కాల్‌షీట్ గంటల లెక్కన నడిచేది కాబట్టి నిర్మాత కన్ను ఎప్పుడూ గడియారం మీదే. ఇప్పుడు హైదరాబాదు నిజాంపేటలోనో విశాఖ మధురవాడలోనో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో, బీరువాకీ మంచానికీ మధ్య ఒక బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, ఒక మైకు, ఒక జత హెడ్‌ఫోన్లు. పాట అక్కడే పుట్టి, పెరిగి, యూట్యూబుకి ఎక్కుతోంది. దీన్ని పెద్ద స్టూడియోకి చవకరకం నకలుగా చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. ఇంటి స్టూడియో వేరే సంప్రదాయం. దాని పద్ధతులు వేరు, దానికి ఒదిగే సంగీతం వేరు, ఒదగని సంగీతమూ ఉంది.

ఈ సంప్రదాయానికి ఆద్యుడెవరంటే అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ పేరే ముందు చెప్పాలి. హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీలో కూర్చుని ఒక గిటారు వరసను డిస్కు మీద చెక్కేవాడు. దాన్ని మోగిస్తూ దాంతోపాటు రెండో వరస వాయించి, రెండూ కలిపి ఇంకో డిస్కు మీదికి ఎక్కించేవాడు. 1948లో వచ్చిన ‘లవర్’లో ఇలా పేర్చిన ఎనిమిది గిటార్లూ ఆయనవే. తరవాత గాయకుడు బింగ్ క్రాస్బీ ఇచ్చిన ఆంపెక్స్ టేప్ రికార్డరుకి అదనంగా ఒక హెడ్ బిగించి, అదే పని టేపు మీద చేశాడు. భార్య మేరీ ఫోర్డ్ గొంతును పొరలు పొరలుగా పేర్చిన ‘హౌ హై ద మూన్’ 1951లో అమెరికాను ఊపేసింది. ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. కొత్త పొర వేసిన ప్రతిసారీ కింది పొరలు కొంచెం మసకబారేవి. అందుకని అంతగా ప్రాధాన్యం లేనివి ముందు, ముఖ్యమైన గొంతూ గిటారూ చివర. పాట వినక ముందే పాటంతా తలలో ఉండాలన్నమాట. ఒక పొరలో తప్పు దొర్లితే అంతకుముందు వేసినవన్నీ వృథా. ఇవాళ ల్యాప్‌టాప్‌లో నూరు ట్రాకులు పెట్టినా ఏదీ మసకబారదు, ఏదైనా చెరిపి మళ్లీ వేసుకోవచ్చు. ఆ సౌకర్యంతోపాటే ముందుగా తేల్చుకోవాల్సిన అవసరమూ పోయింది. ఏడాదిగా ‘ఇంకా మిక్సింగ్‌లోనే ఉంది’ అనే పాటలు ప్రతి హార్డ్ డిస్కులోనూ మూలుగుతుండటానికి కారణం అదేనని నా అనుమానం.

సామాన్యుడి ఇంటికి ఈ పని వచ్చింది 1979లో, టీయాక్ సంస్థ పోర్టాస్టూడియో 144తో. మనమంతా వాడిన మామూలు క్యాసెట్టునే రెట్టింపు వేగంతో తిప్పి, నాలుగు ట్రాకులు పట్టే పెట్టె అది. 1982 జనవరిలో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దెయింట్లో దాన్ని ముందేసుకుని, రెండు షూర్ ఎస్‌ఎమ్ 57 మైకులతో పాటలు పాడుకున్నాడు. అవి నమూనాలు మాత్రమే, తరవాత బ్యాండుతో స్టూడియోలో చేద్దామనుకున్నాడు. బ్యాండుతో చేసినవి ఆయనకు నచ్చలేదు. ఇంట్లో పాడుకున్నప్పుడు పలికినది అక్కడ పలకలేదు. చివరికి ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ అయి అదే ఏడాది సెప్టెంబరులో విడుదలైంది.

మనకు దగ్గరి ఉదాహరణ చెన్నై కోడంబాకంలో ఉంది. రమేశ్ నాయుడు, రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాడు 1989లో తన ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు. 1992లో ‘రోజా’ పాటలు అక్కణ్నుంచే వచ్చాయి. ఎ.ఆర్. రహమాన్ పని తీరు ఇప్పుడు అందరికీ తెలిసిందే. రాత్రిపూట పని, గాయకుల్నీ వాద్యకారుల్నీ ఒక్కొక్కరిగా పిలవడం, వాళ్ల చేత రకరకాలుగా పాడించి, వాయింపించి అన్నీ పట్టుకోవడం, వాళ్లు వెళ్లాక వాటిలోంచి ముక్కలు ఏరి పాట కట్టడం. గడియారం మీద కన్ను వేసే నిర్మాత పక్కనుంటే ఆ పద్ధతి కుదిరేది కాదు.

ఇంట్లో మొదలుపెట్టే ప్రతివాడూ ముందు మైకు కొంటాడు. ముందు చూడాల్సింది గది. మన పడకగది కొలతలు చూడండి: పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు కూడా ఇంచుమించు 10. ఎదురెదురు గోడల మధ్య కొన్ని మంద్ర స్వరాలు చిక్కుకుని మోగుతాయి. 10 అడుగుల దూరానికి అది సుమారు 56 హెర్ట్జ్, 12 అడుగులకు 47. వెడల్పూ ఎత్తూ సమానమైతే 56 దగ్గర రెట్టింపు గోల. విచిత్రమేమిటంటే, గది సరిగ్గా నడిమధ్యలో కూర్చున్నవాడికి ఆ స్వరం దాదాపు వినపడదు, గోడకు ఆనుకున్నవాడికి ఢమఢమలాడుతుంది. మధ్యలో కూర్చుని మిక్స్ చేసేవాడు ‘బేస్ చాల్లేదు’ అని పెంచుకుంటూ పోతాడు. ఆ పాట కారులో పెడితే తలుపులు అదురుతాయి. అందుకే 12 అడుగుల పొడవున్న గదిలో ముందు గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర కుర్చీ వేసుకోమని అనుభవజ్ఞులు చెబుతారు. అది సూత్రం కాదు, మొదలుపెట్టడానికి ఒక చోటు.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గానీ, దానివల్ల గది అందం చెడటం తప్ప ఒరిగేది తక్కువ. అంగుళం మందం ఫోమ్ కూడా సకారాల సుయ్‌సుయ్‌ల్ని పీల్చుకుంటుందే తప్ప మంద్రాన్ని తాకదు. 56 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 20 అడుగులు. దాన్ని అంగుళం ఆపుతుందా? మూలల్లో నిలబెట్టిన దూది పరుపులు, నాలుగంగుళాల రాక్‌వూల్ పలకలు కొంతైనా పనిచేస్తాయి. టైల్స్ నేల మీద తివాచీ, తలుపులు తెరిచిన బట్టల బీరువా, గాయకుడి వీపు వెనక వేలాడదీసిన బొంతలు మంద్రాన్ని ఆపవు గానీ ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. ఇక పక్క ఫ్లాటు చప్పుడు లోపలికి రాకుండా ఆపడం పూర్తిగా వేరే సంగతి. దానికి బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి. ఫోమ్ ఆ పని చేయదు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకి ఉన్న మార్గం వేళ చూసుకోవడమే: కుక్కర్ విజిళ్లు, బోరు మోటారు సద్దుమణిగాక, గుడి మైకు మేలుకోక ముందు. ఫ్యాను ఎలాగూ కట్టేయాలి. మే నెల బెజవాడలో ఇది గానం కాదు, తపస్సు.

మైకు సంగతి. బాగుచేయని గదిలో చవకరకం కండెన్సర్ మైకు కన్నా నోటి దగ్గర పెట్టుకునే డైనమిక్ మైకే మేలని నా అభిప్రాయం. కండెన్సర్ గొంతుతోపాటు గదినీ పట్టుకుంటుంది. ఏ మైకైనా అసలు మీట దూరమే. దూరం సగానికి తగ్గితే గొంతు బలం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం ఉన్నంతే ఉంటుంది. కానీ బెత్తెడు దూరానికి వచ్చేసరికి గొంతులో అడుగు బరువు పెరుగుతుంది. జోలపాటకు అది వరం, వేగంగా సాగే పదాలకు భారం. జానెడు దూరంలో మొదలుపెట్టి, గళమెత్తి పాడే చోట ఒక అడుగు వెనక్కి వేయడం జానపద గాయకులకు ఎవరూ నేర్పక్కర్లేదు. 24 బిట్ రికార్డింగులో మీటరు ఎర్రగీత దాకా పోనక్కర్లేదు. మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగినా నష్టం లేదు, ఎరుపు దాటితే మాత్రం దిద్దుకోలేం.

ఇప్పుడు శ్రుతి. చమురు నిక్షేపాల వెతుకులాటకు భూగర్భ ధ్వనుల్ని విశ్లేషించిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్ తెచ్చాడు. అది కీబోర్డు మెట్లను నమ్ముకున్న సాధనం. తంబురాకి చక్కగా ఒదిగే అంతర గాంధారం కీబోర్డు గాంధారం కన్నా కాస్త కిందే ఉంటుంది, అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే పద్నాలుగు భాగాల మేర. అంత తేడా పోనీ అనుకుందాం. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. సాఫ్ట్‌వేర్ కంటికి ఆ ఊపంతా తప్పే. పట్టి మెట్ల మీద కూర్చోబెడుతుంది, తోడి చచ్చిపోతుంది. మన పాటకు దిద్దుబాటు చేయాలంటే స్వర పట్టికను ఆపేసి, నిలిచే స్వరాల్ని మాత్రమే చేత్తో, అవసరమైనంతే జరపాలి. అంతకన్నా మంచి మందు రికార్డింగు వేళే ఉంది. గాయకుడి చెవిలో కీబోర్డు మోతకు బదులు తంబురా పెట్టడం, హెడ్‌ఫోను ఒక చెవి నుంచి కాస్త పక్కకు జరపడం.

లయకూ ఇదే కష్టం. ఇవాళ తెలంగాణ జానపద పాటలు చాలావరకు చిన్న గదుల్లో తయారవుతున్నవే. వాటిలో డప్పు తరచూ లూపే, అంటే ఒకసారి పట్టుకుని పదేపదే తిప్పే ముక్క. అసలు డప్పుని మంట దగ్గర కాచి బిగువు తెస్తారు, వాయిస్తుంటే అది మెల్లగా సడలుతుంది. లూపు వేడెక్కదు, చల్లబడదు. పాట కూడా ఆఖరి చరణానికి సహజంగా పరుగందుకుంటుంది, లయకోసం చెవిలో టిక్‌టిక్‌మని మోగే క్లిక్ మాత్రం కదలదు. కొందరు తెలివైనవాళ్లు ముందు గాయకుణ్నీ డప్పునీ క్లిక్ లేకుండా కలిపి పట్టుకుని, ఆ నడకకే తరవాత సాఫ్ట్‌వేర్‌లో తాళం గీతలు గీసుకుంటారు. కీబోర్డూ బేసూ ఆ గీతల మీద నడుస్తాయి. ఒక పూట పని ఎక్కువే, కానీ పాటకు కాళ్లొస్తాయి.

మిక్సింగ్ గురించి పుస్తకాలే ఉన్నాయి. ఒక్కటి చెబుతాను: గట్టిగా మోగించే పోటీ మానేయొచ్చు. యూట్యూబ్ పెద్ద శబ్దాన్ని ఎలాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే బిగ్గరతనానికి కొలమానం) దగ్గరికి దించేస్తుంది. నొక్కినొక్కి పెంచినవాడికి మిగిలేది నలిగిన పాటే.

పొరల పద్ధతికి లొంగనిది కచేరీ సంగీతం. మృదంగం గాయకుడు వేసిన సంగతిని అక్కడికక్కడే పట్టుకుని జవాబిస్తుంది, వయొలిన్ అర క్షణం వెనక నీడలా నడుస్తుంది. ముగ్గుర్నీ మూడు రోజులు విడివిడిగా పట్టుకుంటే జవాబులుండవు, లెక్కలుంటాయి. దీనికి పడకగది వద్దు, హాలు కావాలి. సోఫాలూ తెరలూ ఉంటాయి కాబట్టి అది ఎలాగూ కాస్త మెత్తగా ఉంటుంది. ముగ్గురూ కచేరీలో కూర్చున్నట్టే చాప మీద కూర్చోవాలి. ఎదురుగా ఐదారు అడుగుల దూరంలో ఒక స్టాండు మీద రెండు మైకులు చాలు. మొదట ఒక వర్ణం పట్టుకుని వినాలి. మృదంగం మీదపడుతుంటే ఫేడరు జోలికి పోకుండా విద్వాంసుణ్నే రెండడుగులు వెనక్కి జరగమనాలి, వయొలిన్ చాలకపోతే ముందుకు రమ్మనాలి. మిక్సింగ్ అంతా ఆ జరగడంలోనే అయిపోతుంది. తరవాత దిద్దడానికి విడి ట్రాకులుండవు కనుక, ఆ పూట పాడిందే రికార్డు.