ఎక్కడ నిలబడాలో చెప్పే చీటీ

మన పెళ్ళిళ్ళలో చుట్టాలకిచ్చే పెట్టుబడి చీరల్లో చాలావాటి బిల్లు సూరత్ రింగ్ రోడ్ మీదే పుడుతుంది. అక్కడి మార్కెట్లలో ఒక టోకు కొట్టుకు బిల్లులు, బాకీలు చూసే సర్వర్ ఉంది. దాని మంచీ చెడూ చూసేది నేనే. దీపావళికి ముందు ఒక రాత్రి అది ఉన్నట్టుండి ఆగిపోయింది. పొద్దున స్విచ్ వేస్తే ఏమీ జరగనట్టే లేచింది. సేఠ్ ఒక్కటే అడిగాడు: "ఎందుకు ఆగింది భాయ్? మళ్ళీ ఆగుతుందా?" నేను జవాబు చెప్పలేకపోయాను. సాక్ష్యమంతా మెమరీలో ఉండింది. మళ్ళీ స్విచ్ వేసిన క్షణంలోనే అది చెరిగిపోయింది.

ఆ సాక్ష్యాన్ని కాపాడే పద్ధతి లినక్స్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంది. పేరు కేడంప్. ఆ యంత్రంలో దాన్ని ఎవరూ అమర్చలేదు.

కేడంప్ రాకముందు డిస్క్‌డంప్, నెట్‌డంప్ లాంటివి ఉండేవి. వాటిలో కుప్పకూలిన కెర్నెలే, అంటే లినక్స్ గుండెకాయే, తన మెమరీని డిస్కు మీద రాయాలి, లేదా నెట్‌వర్క్ మీదుగా పంపాలి. తాళాలు ఎక్కడివక్కడ బిగిసిపోయి, పట్టికలు చెడిపోయి ఉన్న కెర్నెల్ ఆ పని సరిగ్గా చేస్తుందని నమ్మేదెలా? బాగున్న డేటా మీదే చెత్త రాసినా రాస్తుంది. 2005లో ఒట్టావా లినక్స్ సింపోజియంలో వివేక్ గోయల్, ఎరిక్ బీడర్‌మన్, హరిప్రసాద్ నెల్లితీర్థ ఒక పత్రం సమర్పించారు. కూలిపోయిన కెర్నెల్‌ను నమ్మడం మానేసి, ముందే సిద్ధంగా ఉంచిన రెండో కెర్నెల్‌ను లేపాలన్నది అందులోని సారం. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 2.6.13 లినక్స్‌లో ఇది చేరింది.

యంత్రం లేచేటప్పుడే మెమరీలో కొంత భాగాన్ని, ఉదాహరణకు 256 మెగాబైట్లను, ఒక గదిలా పక్కన పెడతారు. మొదటి కెర్నెల్ దాన్ని మామూలు పనులకు వాడుకోదు. రెండో కెర్నెల్‌ను అందులోకి ఎక్కించి ఉంచుతారు. మొదటిది కూలగానే మిగతా ప్రాసెసర్లను ఆపి, వాటి రిజిస్టర్లను భద్రపరిచి, ఎక్కించిన కెర్నెల్ చెక్కుచెదరలేదని చెక్‌సమ్‌తో సరిచూసుకుని, యంత్రం నేరుగా అందులోకి దూకుతుంది. ఫర్మ్‌వేర్ మళ్ళీ మొదటి నుంచి నడవదు కనుక పాత మెమరీ చెరిగిపోదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లేచిన ప్రతి కెర్నెల్ మొదట మెమరీ పటం చూసుకుంటుంది. 64 గిగాబైట్లు కనబడితే అన్నీ తనవే అనుకుంటుంది. అదే జరిగితే సాక్ష్యం మీదే కాపురం పెట్టినట్టు. పంచనామాకు వచ్చినవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ అడుగు పెట్టకూడదు. ఎక్కడ నిలబడాలో ఎవరో ముందే గీత గీసి చూపాలి. పైగా ఆ గీత రెండో కెర్నెల్ ప్రాణాలకే అవసరం. పాత కెర్నెల్ పురమాయించిన నెట్‌వర్క్ కార్డులు, డిస్కు కంట్రోలర్లు అది కూలిన తర్వాత కూడా పాత చిరునామాల్లోకి డేటా రాస్తూనే ఉండొచ్చు. ఆ చోటును రెండో కెర్నెల్ వాడుకుంటే అది కూడా కూలుతుంది. పాత కెర్నెల్ ఏ పరికరానికీ ఇవ్వలేదని ఖాయంగా నమ్మదగిన చోటు ఆ పక్కన పెట్టిన గదే.

ఈ గీతను తెలిపే చీటీ ఒక్కో ప్రాసెసర్ కుటుంబంలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఇంటెల్ తరహా యంత్రాల్లో మొదట కెర్నెల్ కమాండ్‌లైన్‌లోనే రాసేవారు. 'మెమ్‌మ్యాప్=ఎగ్జాక్ట్‌మ్యాప్' అంటే "ఫర్మ్‌వేర్ ఇచ్చిన పటాన్ని పక్కన పెట్టు, ఇక్కడ చెప్పిందే నమ్ము" అని. దాని వెనకే ఏ చిరునామా నుంచి ఎంత వాడుకోవచ్చో ఒక్కొక్కటే వస్తుంది. చదివితే మనిషికి కూడా అర్థమయ్యే రాత. కానీ ఆ లైన్‌కు 2048 అక్షరాల హద్దు ఉంది. పెద్ద సర్వర్లలో మెమరీ ముక్కలు ఎక్కువైతే చీటీ చాలదు. అందుకే తర్వాత ఇ820 అనే మెమరీ పట్టికనే సవరించి అందించడం మొదలైంది. నా లెక్కలో అదే సరైన దారి: అబద్ధపు పటం ఇచ్చి, దాన్ని నమ్మొద్దని విడిగా చెప్పడం కన్నా మొదటే సరైన పటం ఇవ్వడం మేలు.

ఐబీఎం పవర్ యంత్రాల్లో డివైస్ ట్రీ ఉంటుంది. అందులో మెమరీ ఎంత ఉందో ఒక గుణం చెబితే, అందులో ఎంత వాడుకోవచ్చో 'లినక్స్, యూజబుల్-మెమరీ' అనే మరో గుణం చెబుతుంది. ఉన్నదీ వాడదగినదీ వేర్వేరు మాటలుగా రాయడం ఎంత బాగుందో! 2020లో 5.9 లినక్స్ కోసం హరి బత్తిని చేసిన పని చూస్తే గీత గీయడం ఎంత సున్నితమో తెలుస్తుంది. పక్కన పెట్టిన గది ఒక్కటే చాలదు. రెండో కెర్నెల్ కూడా ఫర్మ్‌వేర్ సేవలను పిలవాలి కనుక అవి ఉండే మెమరీని కూడా వాడదగిన జాబితాలో చేర్చాలి. మెమరీలోని మొదటి 64 కిలోబైట్లలో రెండో కెర్నెల్ ఎలాగూ అడుగు పెట్టక తప్పదు కనుక, అక్కడున్న పాత సరుకును ముందే వేరే చోటికి నకలు తీసి ఉంచుతారు. ఆర్మ్ 64 యంత్రాలకు తకాహిరో అకాషి చేసిన పని 2017లో 4.12తో వచ్చింది, అక్కడ వాడదగిన మెమరీ హద్దులు డివైస్ ట్రీలోని 'చోజెన్' అనే ఒక్క చోట రాసి ఉంటాయి.

అడుగు పెట్టకూడని చోటును చూడడానికి మాత్రం రెండో కెర్నెల్‌కు అనుమతి ఉంది. పాత మెమరీ ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే ఈఎల్ఎఫ్ శీర్షిక చిరునామాను కూడా దానికి అందిస్తారు. దాని ఆధారంగా పాత మెమరీ అంతా వీఎంకోర్ అనే ఒక ఫైలుగా కనబడుతుంది. మేక్‌డంప్‌ఫైల్ అనే పనిముట్టు అందులోంచి ఖాళీ పేజీలను, సున్నాల పేజీలను ఏరివేసి, మిగిలినదాన్ని కుదించి డిస్కుకెక్కిస్తుంది. ఆ తర్వాత ఏ డ్రైవర్ ఏ వరుసలో తప్పింది, ఏ ప్రాసెసర్ ఎక్కడ ఆగింది అన్నది క్రాష్ అనే పనిముట్టుతో తీరిగ్గా చదువుకోవచ్చు.

గది మరీ చిన్నదైతే రెండో కెర్నెల్ మెమరీ చాలక మధ్యలోనే ఆగిపోతుంది. ఒక్క ప్రాసెసర్‌తో, అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే దాన్ని నడపడం అందుకే.

సేఠ్ సర్వర్‌లో ఇప్పుడు కేడంప్ ఉంది. మీ చేతికింద లినక్స్ సర్వర్ ఉంటే 'ప్రాక్' కింద ఉండే 'ఐఓమెమ్' ఫైలు తెరిచి, 'క్రాష్ కెర్నెల్' అన్న వరుస ఉందో లేదో చూడండి. ఉన్నా అంతటితో సరిపెట్టుకోకండి. పని లేని రోజున, బ్యాకప్ తీసుకుని, 'సిస్‌ఆర్‌క్యూ'తో యంత్రాన్ని మీరే కూల్చి, వీఎంకోర్ ఫైలు డిస్కు మీదికి వచ్చిందో లేదో కళ్ళారా చూసుకోండి.